ఒకే చీర పేలికలు కట్టిన రెండు మందు సీసాలు

ప్రజావాణి, కలెక్టరాఫీసు, షామీర్‌పేట
తేది: 17-11-2025, సోమవారం

జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,

మేడ్చల్ రైలు స్టేషను వెనుక గల్లీలో ఉండే గుంటి భిక్షం, తండ్రి కీ.శే. అంజయ్య, స్వగ్రామం రావల్కోల్, వయస్సు 71, మూడో తరగతి వరకు చదివినవాడు, తన చేతితో తానే రాసుకున్న అర్జీ.

అయ్యా,

(తమరు ఆడవారైతే అమ్మా అని చదువుకోవలెను. తమ గది బోర్డు ఎత్తులో ఉన్నందున పేరు నాకు కనపడలేదు.)

విషయం: నర్సు తృప్తి మీద నేను 31-10-2025 నాడు సంతకం పెట్టిన ఫిర్యాదు రద్దు చేసి, తప్పు ఎవరిదో వారి పేరు రాయుట గురించి. అందులో నా పేరు కూడా చేర్చుట గురించి.

1) ముందుగా నా పాత ఫిర్యాదు. ఇది తమ శాఖది కాదని నాకు తెలుసు. ఏ శాఖదో ముప్పై ఎనిమిదేండ్లుగా ఎవరూ చెప్పలేదు కాబట్టి తమకే రాస్తున్నాను. 1987లో బోరు ఎండిపోయి, నేను జీడిమెట్లలో రేకు డబ్బాలు చేసే ఒక కంపెనీలో పనికి చేరినాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పేరు రాయను. చేరిన రోజే సూపర్‌వైజరు నన్ను మిషను ముందర నిలబెట్టి, "పక్కపొంటి ఉన్నోడు ఎట్ల జేస్తుండో సూసి జెయ్యి" అని చెప్పి పోయినాడు. పక్కన ఉండేవాడు ఆ రోజు పనికి రాలేదు. అన్నం గంట కొట్టకముందే నా ఎడమచేతి రెండు వేళ్లు పోయినవి. దవాఖానాలో ఇంగ్లీషు కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టినాక గుమాస్తా చదివి చెప్పినాడు, 'కార్మికుని నిర్లక్ష్యం వలన' అని అందులో ఉన్నదట. నేను నిర్లక్ష్యం చేయలేదు. నాకు ఎవరూ చూపించలేదు. ఈ రెండూ వేరు వేరని అప్పటినుండి నేను కనపడిన ప్రతి మనిషికీ చెప్తున్నాను. మా గల్లీలో వినీ వినీ నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవారు ఉన్నారు.

అటువంటి నేనే ఒక ఆడపిల్ల మీద అదే మాట రాసిన కాయితానికి సంతకం పెట్టినాను. తమరికి చెప్పవలసినది ఇదే. మిగతాది ఎట్లా జరిగినదో కింద రాస్తున్నాను.

2) మేడ్చల్ నుండి షామీర్‌పేటకు పోయే రోడ్డు మీద డాక్టర్ విశ్వతేజ గారి క్లినిక్ ఉన్నది. నా భార్య బుచ్చమ్మకు పదకొండేండ్లుగా షుగరు. రోజూ పొద్దున్న ఒక సూది పడాలి. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. ఉన్నా, తానే పొడుచుకునే ధైర్యం ఆమెకు లేదు, పొడిచే చెయ్యి నాకు లేదు. మా గల్లీలో చాలామంది సంగతి ఇదే. అందుకని అందరి మందు సీసాలూ క్లినిక్ ఫ్రిజ్జులోనే ఉంటవి. పొద్దున్న ఏడింటికి పోయి వరుసగా బెంచీల మీద కూర్చుంటే నర్సు పిలిచి వేస్తుంది. డాక్టరు గారు వచ్చేది పది గంటలకు.

తొమ్మిదేండ్లు ఆ పని పద్మజ సిస్టర్ చేసింది. ఆమె ఆంధ్ర దిక్కు మనిషి. మాట మెత్తన, సూది దిగినట్టే తెలిసేది కాదు. సీసా మీద పేరు రాస్తే ఫ్రిజ్జు తడికి చెరిగిపోతుందని, రాసినా మాలో సగం మందికి చదవరాదని, ఆమె ఒక పద్ధతి పెట్టింది. "ఎవరి చీర పేలిక వాళ్లు తెచ్చుకోండమ్మా, సీసా మెడకి కడతాను. పేరు మర్చిపోయినా ఆడవాళ్లు చీర మర్చిపోతారా?" అన్నది. అందరూ చింపుకొని పోయినారు. ఫ్రిజ్జు తలుపు తెరిస్తే రంగురంగుల పేలికలు కట్టుకొని ఇరవై సీసాలు కనపడేవి.

బుచ్చమ్మ, మా ఎదురింటి వీరభద్రం భార్య, ఇద్దరూ ఆ యేడు సర్కారు పంచిన బతుకమ్మ చీర నుండే పేలిక చింపినారు. ఇద్దరికి వచ్చినదీ ఊదా రంగు చీరే. పద్మజ సిస్టర్ నవ్వి, బుచ్చమ్మ సీసాకు రెండు ముళ్లు, వీరభద్రం భార్య సీసాకు ఒక ముడి వేసింది. ఆమె మందు ఎక్కగానే పనిచేసేది, అన్నం ముందర పెట్టుకొని వేసుకోవాలి. బుచ్చమ్మది రోజంతా మెల్లగా పనిచేసేది. చూస్తే రెండూ నీళ్ల లాగానే ఉంటవి. ఈ ముళ్ల సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. పద్మజకు తెలుసు, ఆ ఆడవాళ్లిద్దరికీ తెలుసు. నాకు తెలియదు. నేను బెంచీ మీద పేపరు పట్టుకొని కూర్చునేవాడిని. పట్టుకొని అని రాసినాను, చదువుకుంటూ అని రాయలేదు.

3) పద్మజ భర్తకు బదిలీ అయి అక్టోబరు 25 శనివారం ఆమె మానేసింది. ఆదివారం డాక్టరు గారే వచ్చి వేసినారు. 27 సోమవారం కొత్త నర్సు తృప్తి వచ్చింది. అల్వాల్ పిల్ల, ఇరవై మూడేండ్లు ఉంటవేమో. ఆ శనివారమే ఈ పిల్లను రమ్మని పద్మజ పక్కన ఒక్క పూట నిలబెట్టి ఉంటే నేను ఈ కాయితం రాసేవాడిని కాదు.

మొదటి రోజు నేను కళ్లారా చూసినది రాస్తున్నాను. కౌంటరులో కూర్చునే మహేష్ తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టినాడు. అంతే. ఆ పిల్ల ఫ్రిజ్జు తెరిచి చూసి, అక్కడే నిలబడిపోయింది.

"అన్నా, ఏ సీసా ఎవరిదో లిస్టు ఉందా?"

"లిస్టు ఏంది మేడం? పద్మజ సిస్టర్ ఎట్ల జేసిందో గట్లనే జెయ్యి."

"నేను ఆవిడని చూడనే లేదు కదన్నా."

"గందుకే జెప్తున్న. ఈల్లను అడుగు, ఎవలది ఆల్లకు ఎరికే."

బెంచీల మీద ఉన్నవాళ్లంతా నవ్వి, ఎవరి సీసా వాళ్లు వేలుతో చూపించినారు. అందరికన్నా గట్టిగా నవ్వినది నేను.

4) ఇక 28 మంగళవారం. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

బుచ్చమ్మకు ఆ రోజు మోకాలు పట్టేసి, మెట్లు ఎక్కలేక బయట అరుగు మీద కూర్చున్నది. "నువ్వు పోయి జెప్పు, పిల్లను ఈడికే పిలువు" అన్నది. నేను లోపలికి పోయి, బుచ్చమ్మది ఊదా పేలిక అని చెప్పినాను. వీరభద్రం భార్య ఇంకా రాలేదు. తృప్తి ఫ్రిజ్జులో చూసి రెండు సీసాలు తీసింది.

"తాతా, రెండిటికీ ఒకటే గుడ్డ ఉంది. మందులు వేరే వేరే. మీ చీటీ తెచ్చారా?"

"చీటి ఎందుకు? తొమ్మిదేండ్ల సంది ఎవ్వలడగలే."

"నాకు తెలీదు తాతా, కొత్త కదా. డాక్టర్ సార్‌కి రెండుసార్లు ఫోన్ చేశా, ఎత్తట్లేదు. ఇంటికి వెళ్లి చీటీ తెస్తారా? మందు పేరు చూసి వేస్తాను."

అయ్యా, ఆ పిల్ల అడిగింది సరైన మాట. మా ఇల్లు అక్కడికి పది నిమిషాల దూరం. నేను పోయి తెచ్చి ఉంటే అయిపోయేది. కాని నా వెనుక పదిహేను మంది కూర్చొని ఉన్నారు. ఒకామె, "బుచ్చమ్మ ముసలోడు చదువుకున్నోడే, పొద్దుగాల పేపరు జూస్తడు" అన్నది. నాకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా రాదని ఈ భూమి మీద తెలిసినది బుచ్చమ్మ ఒక్కదానికే. నేను గొంతు పెంచినాను.

"నాకు సదువు రాదనుకున్నవా? ఇంట్ల చీటి రోజు జూస్త. ఇటు తే."

రెండు సీసాలూ చేతిలోకి తీసుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను. వెలుతురుకు ఎత్తి, పెదవులు కదిలించుకుంటూ కాసేపు చూసినాను. కనపడినవి చీమల వరుసలు. ఒకటి ఆమె చేతిలో పెట్టి, "గిదే" అన్నాను.

"ఖాయమేనా తాతా?"

"పెద్దమనిషి జెప్పినంక మల్ల అడుగుతవా?"

ఎంత వెయ్యాలని అడిగింది. ఇరవై అని చెప్పినాను. అది మాత్రం నిజమే. ఆమె సూదిలోకి మందు ఎక్కించుకొని బయటికి వచ్చి, అరుగు మీద కూర్చున్న బుచ్చమ్మకు వేసింది. సీసా లోపలే ఉండిపోయింది కాబట్టి ముళ్లు బుచ్చమ్మ కంట పడలేదు.

5) బుచ్చమ్మ సూది వేయించుకొని వచ్చినాక వాకిలి ఊడ్చి, కూరగాయలు తెచ్చి, తొమ్మిదిన్నరకు రొట్టె తింటుంది. పదకొండేండ్ల అలవాటు. ఆ రోజు ఎనిమిదిన్నరకు గల్లీ మూలమీద ఆకుకూరల బండి దగ్గర ఒళ్లంతా చెమటలు పట్టి, ఏదేదో మాట్లాడి, కూలబడిపోయింది. నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన వాళ్ల నాయిన పేరు పెట్టి పిలిచింది. నేను క్లినిక్‌కు ఉరికినాను.

తృప్తి చెప్పులు లేకుండా రోడ్డు మీదికి ఉరికి వచ్చింది. దారిలో చాయ్ హోటల్ నుండి చక్కెర డబ్బా గుంజుకొని వచ్చింది. బుచ్చమ్మ తల ఒళ్లో పెట్టుకొని, నాలుక మీద, బుగ్గల లోపల చక్కెర రాసింది. "అవ్వా, మింగు, నన్ను చూడు, మింగు" అని ఒకటే అరుపు. అంతమంది ముందర, "నేను వేసిన మందే తేడా అయింది, ఆటో ఆపండి" అని ఆమెనే చెప్పింది. ఎవరూ అడగలేదు. పెద్ద దవాఖానా దాకా ఆటోలో వచ్చి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అని అరచేతిలో రాసుకున్నది అక్కడి డాక్టరుకు చూపించింది. ఆ డాక్టరు నాతో, "ఈ అమ్మాయి నిజం చెప్పింది కాబట్టి మీ ఆవిడ బతికింది" అన్నాడు. మూడు రోజులు అక్కడ ఉంచి పంపినారు. ఇప్పుడు బాగున్నది. నన్ను తిట్టడానికి సరిపోయేంత బాగున్నది.

ఆ అరచేతి రాతే తరువాత ఆమె మీద సాక్ష్యం అయింది.

6) 31 నాడు మహేష్ దవాఖానాకు టైపు కొట్టిన కాయితం తెచ్చినాడు.

"తాతా, గీడ సంతకం పెట్టు. డాక్టర్ సార్ నీకు మందులు అన్ని జూస్కుంటడు. నీ పేరు ఏడ రాలే, పరేషాన్ గాకు."

చదవకుండా పెట్టినానని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది. కాని అది తెలుగులో ఉన్నది. నేను కూడబలుక్కొని ప్రతి వరుసా చదివినాను. 'సదరు నర్సు తృప్తి యొక్క నిర్లక్ష్యం వలన' అని ఉన్నది. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర నేను ఆగినాను. మహేష్, "ఏమైంది తాతా, కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు. కనపడుతున్నవని చెప్పి సంతకం పెట్టినాను. మూడు వేళ్ల చెయ్యితో కాయితం కదలకుండా అదిమి పట్టుకొని పెట్టినాను.

ఎందుకు పెట్టినావని తమరు అడిగితే చెప్తాను. ఆ కాయితంలో తప్పు వేరొకరి పేరు మీద ఉన్నది కాబట్టి.

7) ఆ కాయితం తమ ఆఫీసుకు వచ్చింది. తృప్తిని ఆ రోజే పనిలోనుండి తీసివేసినారు. ఆమె నర్సు పని చేసే రిజిస్ట్రేషను ఆపాలా వద్దా అని నవంబరు 28న విచారణ ఉన్నదట.

ఇంటికి వచ్చినాక బుచ్చమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నది. తరువాత అడిగింది.

"సీస నువ్వు జూసినవా?"

"జూసిన."

"సదివినవా?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"నువ్వు సదివినవంట! పిల్ల నమ్మిందంట! నాకు రెండు ముళ్లని జెప్ప నోరుందిగద, బయటికొచ్చి అడిగితే ఏం బోయింది నీకు? పోయి ఆ పిల్లకు జెప్పిరా. అప్పటిదాంక నీకు నేను చాయ్ బొయ్య."

12వ తేదీ లోకల్ రైలు ఎక్కి అల్వాల్ పోయినాను. స్టేషను దగ్గర వాళ్ల నాయిన జానకిరామయ్యకు చిన్న పుస్తకాల దుకాణం ఉన్నది. పేరు చెప్పగానే ఆయన లేచి నిలబడినాడు.

"గా అర్జీ ఇచ్చిన పెద్దమనిషివి నువ్వేనా?"

"నేనే."

"మా పిల్ల పదిహేను రోజుల సంది బుక్కెడు అన్నం సక్కగ తింటలేదు. నువ్వు తిన్నవా పొద్దుగాల?"

తిట్టాలని అన్నాడో మర్యాదకు అన్నాడో నాకు అర్థం కాలేదు. తినలేదని చెప్పినాను. ఆయన లోపలికి చూసి, "ఓ బిడ్డా, నీ గిరాకి వచ్చిండు, చాయ్ పెట్టు" అన్నాడు.

తృప్తి బయటికి వచ్చి మొట్టమొదట అడిగినది, "అవ్వ బాగుందా తాతా?" అని. విచారణలో ఇవ్వడానికి రాసుకున్న జవాబు చూపించింది. అది కూడా కూడబలుక్కొని చదివినాను. లిస్టు లేదని రాసింది. ఫోన్ ఎత్తలేదని రాసింది. నా సంగతి ఎక్కడా లేదు.

"నేను జూసి చెప్పిన్నని రాయలేదేంది బిడ్డా?"

"రాసి ఏం చేయను తాతా? అవ్వ మీ ముఖం చూడొద్దా? సూది వేసింది నేను. మీరు చదివి చెప్పారు, నమ్మాను. ఈ వయసులో చూపు తప్పడం మామూలే. ఒకసారి కళ్లద్దాలు మార్పించుకోండి."

అయ్యా, అప్పుడు చెప్పవలసినది. నా చూపుకు ఏమీ లేదు బిడ్డా, నాకు ఇంగ్లీషే రాదు అని ఒక్క మాట చెప్పవలసినది. వాళ్ల నాయిన అక్కడ నిలబడి ఉన్నాడు. దుకాణంలో గిరాకీ ఉన్నది. చెప్పలేదు. చాయ్ తాగి, మార్పించుకుంటానని చెప్పి, రైలెక్కి వచ్చినాను.

"జెప్పినవా?" అన్నది బుచ్చమ్మ.

"చాయ్ ఇచ్చిన్రు."

"తాగొచ్చినవా! జెప్పకుండ ఆల్ల చాయ్ తాగొచ్చినవా!"

ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదు. అయినా కొట్టివేయను.

8) మొన్న శనివారం క్లినిక్‌కు పోతే తృప్తి జాగాలో ఇంకొక కొత్త పిల్ల ఉన్నది. పేరు సాయిప్రియ. నీకు ఎవరు చూపించినారు బిడ్డా అని అడిగినాను. "మహేష్ అన్న తాళాలు ఇచ్చాడు" అన్నది. ఫ్రిజ్జులో ఆ పేలికలే ఉన్నవి. నేను ఆమెను అడిగి దవాఖానా ప్లాస్టరు ముక్క తీసుకొని, బాల్‌పెన్‌తో బుచ్చమ్మ అని తెలుగులో రాసి మా సీసాకు చుట్టినాను. మిగతా పంతొమ్మిది సీసాల సంగతి తమరు చూడవలసి ఉన్నది.

కావున తమరిని కోరునది:

అ) 31-10-2025 నాటి ఫిర్యాదు రద్దు చేయవలెను. దాని మీద ఉన్న సంతకం నాదే, బలవంతం లేదు. కాని అందులోని మాట అబద్ధం.

ఆ) సీసా చదివినట్టు నటించినది భిక్షం అని రికార్డులో రాయవలెను. ఇంగ్లీషు చదువు రాదు అని కూడా రాయవలెను. దానికి శిక్ష ఉంటే అది నాకు వేయవలెను. వయస్సు చూడనక్కరలేదు.

ఇ) కొత్తగా చేరిన నర్సుకు పాత నర్సు పక్కన కనీసం వారం రోజులు నిలబడి నేర్చుకునే ఏర్పాటు లేకుండా ఏ క్లినిక్‌లోనూ ఫ్రిజ్జు తాళాలు ఇవ్వరాదని ఉత్తర్వు చేయవలెను. డాక్టరు లేని వేళలో ఫోను ఎత్తే మనిషి ఒకరు ఉండవలెను.

ఈ) 28న విచారణకు నన్ను పిలువవలెను. అందరి ముందర చెప్తాను. ఏదైనా ఇంగ్లీషు కాయితం ఇచ్చి చదవమన్నా సరే, రాదని చెప్తాను.

ఇంత పొడుగు రాసినందుకు మన్నించి, చివరిదాకా చిత్తగించవలెనని వేడుకోలు. నేను ఇంతవరకు ఎవరినీ వేడుకోలేదు.

తమ విధేయుడు, తప్పు చేసినవాడు,
గుంటి భిక్షం (సంతకం)

తా.క.: బుచ్చమ్మకు ఈ అర్జీ చదివి వినిపించినాను. "ఆఫీసరుకు రాసినవు సరే, ఆ పిల్లకెప్పుడు జెప్తవు? సర్కారు కాయిదం వచ్చేదాంక కూసుంటవా?" అన్నది. కూర్చోను. 27 గురువారం పొద్దున్న మొదటి రైలుకు అల్వాల్ పోతున్నాను. వాళ్ల నాయిన ముందరే, దుకాణంలో గిరాకీ ఉన్నా సరే, చెప్తాను. తమరి జవాబు చేతిలో ఉన్నా పోతాను, లేకున్నా పోతాను. కాని మరునాడే విచారణకు పోవలసిన పిల్లకు నా ఒక్క మాట సరిపోదు. నా మాట నమ్మితే ఏమవుతుందో ఆమె ఒకసారి చూసింది. అందుకని ఫిర్యాదు రద్దయినదని తమ ముద్ర ఉన్న కాయితం నాకు కావలెను. పోస్టులో వేయవద్దు, నేనే వస్తాను. 26 బుధవారం సాయంత్రం అయిదు గంటలలోపు, అది తెలుగులో రాసి ఇవ్వవలెను.